తుపాను కంట్లోకి విమానం!

తుపాను వస్తోందంటే పడవలు ఒడ్డెక్కుతాయి. రైళ్ళు ఆగిపోతాయి. విమానాలు రద్దవుతాయి. కానీ కొన్ని విమానాలు మాత్రం సరిగ్గా అప్పుడే బయల్దేరతాయి... నేరుగా తుపాను నడిమధ్యకు! లోపల గాలి ఎంతుందో కొలుచుకుని వెనక్కి వస్తాయి. అట్లాంటిక్ సముద్రం మీద ఎనభై ఏళ్ళుగా సాగుతున్న సాహసం ఇది. మరి మన బంగాళాఖాతంలో?

2018 అక్టోబరు 10. ఆ రాత్రి ఉద్దానంలో చాలా ఇళ్ళలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. రెండు రోజుల ముందు, 8వ తేదీన, అది బంగాళాఖాతంలో ఒక వాయుగుండం. 9న తుపానై పేరు తెచ్చుకుంది. తిత్లీ... అంటే సీతాకోకచిలుక. 10వ తేదీ మధ్యాహ్నానికల్లా ఆ సీతాకోకచిలుక అతి తీవ్ర తుపానుగా మారిపోయింది. 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర గంటల మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి, మధ్యమధ్య 165 దాకా విసుర్లు. తెల్లారి తలుపు తీసినవాళ్ళకు తోటలు కనిపించలేదు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఎటు చూసినా వేళ్ళతో సహా లేచిపోయిన జీడిమామిడి, నడుం విరిగిన కొబ్బరి. కొబ్బరిచెట్టును పెద్దకొడుకని చెప్పుకునే నేల అది. లక్షల చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి.

తుపాను కబురు రాగానే ఈ తీరంలో ముందు అడిగే మాట ఒకటే. ''ఈపాలి గాలెంతట?'' ఎక్కడ దాటుతుంది, ఎన్నింటికి దాటుతుంది అన్నవి ఆ తర్వాత. ఎందుకంటే గాలిని బట్టే అన్నీ. రేకుల ఇల్లు నిలుస్తుందా లేదా, పశువుల తాళ్ళు విప్పేయాలా వద్దా, మంచంమీదున్న ముసలమ్మను తుపాను షెల్టరుకు మోసుకెళ్ళాలా అక్కర్లేదా... అన్నీ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటాయి.

మరి ఆ అంకె ఎక్కణ్నుంచి వస్తుంది? తీరానికి మూడొందల కిలోమీటర్ల అవతల, తాటిచెట్లంత అలల మధ్య నిలబడి గాలిని ఎవరు కొలుస్తున్నారు?

ఎవరూ కొలవడం లేదు. పైనుంచి చూసి లెక్కగడుతున్నారు.

ముఖం చూసి జ్వరం చెప్పినట్టు...

1970ల్లో వెర్నన్ డ్వోరాక్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఒక పద్ధతి కనిపెట్టాడు. ఉపగ్రహం తీసిన బొమ్మలో తుపాను మేఘాలు ఎలా చుట్టుకున్నాయి, మధ్యలో కన్ను ఏర్పడిందా, ఆ కన్ను ఎంత వెచ్చగా ఉంది, చుట్టూ ఉన్న మేఘాల నెత్తి ఎంత చల్లగా ఉంది... ఇవన్నీ చూసి తుపానుకు ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక అంకె వేస్తారు. ఆ అంకెకు ఇంత గాలి అని ఒక పట్టిక ఉంటుంది. మన వాతావరణ శాఖ కూడా ఇప్పటికీ ప్రధానంగా నమ్ముకున్నది ఈ పద్ధతినే. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఇన్‌శాట్ ఉపగ్రహాలు రాత్రీపగలూ బొమ్మలు పంపుతుంటాయి.

పద్ధతి మంచిదే. అనుభవం పండిన డాక్టరు గుమ్మంలోంచే రోగి ముఖం చూసి ''నూట రెండుంటుంది'' అంటాడు. చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ నాలుక కింద థర్మామీటరు పెడితేనే కదా, నూట రెండో నూట నాలుగో తేలేది!

2013లో ఫైలిన్ వచ్చినప్పుడు జరిగింది గుర్తు చేసుకుందాం. అది సముద్రంలో ఉండగా దాని గాలి 115 నాట్లని, అంటే గంటకు సుమారు 215 కిలోమీటర్లని మన వాతావరణ శాఖ లెక్కగట్టింది. హవాయిలోని అమెరికా సైనిక తుపాను హెచ్చరికల కేంద్రం 140 నాట్లంది. అంటే 260 కిలోమీటర్లు! సగటు గాలిని మనవాళ్ళు మూడు నిమిషాలకు కడతారు, వాళ్ళు ఒక్క నిమిషానికి కడతారు. ఆ తేడా తీసేసినా ఇంకా చాలా అంతరం మిగులుతుంది. ఇది 1999 నాటి ఒడిశా సూపర్ సైక్లోన్ అంతటిదవుతుందని విదేశాల్లో కొందరు గట్టిగా వాదించారు కూడా. మన శాఖ తన అంకె దగ్గరే నిలబడింది. అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశా, ఆంధ్ర తీరాల్లో పది లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించడంతో ప్రాణనష్టం బాగా తగ్గింది. మనవాళ్ళ లెక్కే సరైందని అందరూ మెచ్చుకున్నారు.

మెచ్చుకోవాల్సిందే. కానీ ఆరితేరిన ఇద్దరు ఒకే రకం బొమ్మల్ని చూసి, 45 కిలోమీటర్ల తేడాతో చెప్పారంటే ఆ బొమ్మలకే ఒక హద్దు ఉందన్నమాట. ఆ హద్దు దాటి లోపలికి వెళ్ళేవే ఈ విమానాలు.

పందెంతో మొదలైంది

1943 జులై 27. రెండో ప్రపంచయుద్ధం రోజులు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో బ్రయన్ ఫీల్డ్ అనే శిక్షణ కేంద్రం. బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలను మాత్రమే చూస్తూ విమానం నడపడం అక్కడ నేర్పేవారు. నేర్పే పెద్ద జోసెఫ్ డక్‌వర్త్ అనే లెఫ్టినెంట్ కర్నల్. నేర్చుకునేవాళ్ళలో బ్రిటిష్ పైలట్లూ ఉన్నారు. గాల్వెస్టన్ తీరానికి తుపాను వస్తోంది, విమానాల్ని వేరే చోటికి తరలించాలి అనగానే వాళ్ళు నవ్వారట... గాలివానకే భయపడే ఈ చిన్న విమానాలేం విమానాలని! డక్‌వర్త్‌కు పౌరుషం వచ్చింది. పందెం వేశాడు. రాల్ఫ్ ఓహేర్ అనే నావిగేటర్‌ను వెంటబెట్టుకుని, ఒకే ఇంజను ఉన్న ఏటీ-6 శిక్షణ విమానంలో, పైఅధికారుల అనుమతి కూడా అడక్కుండా తుపానులోకి దూసుకుపోయాడు. కన్నుదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. దిగీదిగగానే అక్కడి వాతావరణ అధికారి ''నన్నూ తీసుకెళ్ళు'' అన్నాడు. ఓహేర్ దిగాడు, ఆయన ఎక్కాడు. డక్‌వర్త్ అదే రోజు రెండోసారి వెళ్ళొచ్చాడు!

మన కుర్రాళ్ళు పందెం కాసి వరద గోదారి ఈదడం లాంటిదే ఇది. కానీ తుపాను లోపలికి వెళ్ళి బతికి రావచ్చని ప్రపంచానికి తెలిసింది ఆ రోజే.

ఆ పందెం తర్వాత పెద్ద వ్యవస్థే అయింది. మిసిసిపీ రాష్ట్రంలో బిలాక్సీ దగ్గరున్న కీస్లర్ స్థావరంలో అమెరికా వాయుసేన రిజర్వుకు చెందిన 53వ వాతావరణ దళం ఉంది. వాళ్ళ దగ్గర డబ్ల్యూసీ-130జె అనే నాలుగు ఇంజన్ల విమానాలు పది. వీళ్ళు కాక, అక్కడి సముద్ర, వాతావరణ సంస్థ 'నోవా'కు పీ-3 ఓరియన్ విమానాలు రెండున్నాయి. ఒకదాని పేరు కెర్మిట్, రెండోది మిస్ పిగ్గీ. పిల్లల టీవీ బొమ్మల షోలో కప్ప, పంది పేర్లవి! తుపాను పైఎత్తుల్లో, చుట్టూ తిరిగి కొలిచే జెట్ విమానానికి గాంజో అని పెట్టారు. ప్రాణాలు పణంగా పెట్టే పనిలో ఉన్నవాళ్ళకు ఆమాత్రం సరదా ఉండాలేమో.

రెక్కలు విరిగిపోవా?

ఎవరికైనా వచ్చే అనుమానమే. గంటకు 200 కిలోమీటర్ల గాలికి కరెంటు స్తంభాలే వంగిపోతాయి కదా, విమానం ఎలా నిలుస్తుంది?

స్తంభం నేలలో పాతి ఉంటుంది కాబట్టి గాలికి ఎదురు నిలబడి విరుగుతుంది. విమానం గాలిలోనే తేలుతూ గాలితో పాటే పక్కకు జరుగుతుంది. వంశధార వరదలో పడవలాగన్నమాట. ప్రవాహం ఎంత జోరుగా ఉన్నా ఒకే తీరుగా సాగితే పడవ కొట్టుకుపోతుందే తప్ప పగిలిపోదు. ప్రమాదమంతా సుడి ఉన్నచోట, నీళ్ళు ఒక్కసారిగా ఎగిసి పడేచోట. విమానానికీ అంతే. అడ్డంగా వీచే గాలితో పెద్ద చిక్కు లేదు. మామూలు ప్రయాణికుల విమానాలు కూడా పైఎత్తుల్లో 200 కిలోమీటర్ల గాలుల్ని రోజూ దాటుతుంటాయి. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి గుద్దే గాలి ఉందే... అది మొండిది. అది ఎక్కువగా ఉండేది కన్ను చుట్టూ గోడలా నిలబడ్డ మేఘాల్లో.

పెరుగు చిలికేటప్పుడు చూడండి. కవ్వం చుట్టూ మజ్జిగ గిర్రున తిరుగుతుంది. మధ్యలో గుంట పడుతుంది. తుపాను కన్ను దాదాపు అలాంటిదే. గుంట అంచున తిరుగుడు అన్నిటికంటే జోరుగా ఉంటుంది. గుంటలో మాత్రం ప్రశాంతం. విమానం సుమారు పదివేల అడుగుల ఎత్తున, కేంద్రానికి 200 కిలోమీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి, నేరుగా ఆ గోడను చీల్చుకుంటూ కన్నులోకి వెళుతుంది. కిటికీ అద్దాల మీద కుంభవృష్టి, చేతిలో గ్లాసు నిలవని కుదుపు. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి. బలమైన తుపానైతే పైన నీలాకాశం, ఎండ! చుట్టూ మాత్రం స్టేడియం మెట్లలా పైపైకి విచ్చుకున్న తెల్లటి మేఘాల గోడ. కింద నురగలు కక్కుతున్న సముద్రం. కాసేపే. మళ్ళీ అవతలి గోడలోకి. అలా అటొకసారి, ఇటొకసారి ఇంటూ గుర్తు గీసినట్టు తుపానును దాటుతుంటారు. బయల్దేరిన దగ్గర్నుంచి దిగేదాకా పది గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇంత కష్టపడి చేసే అసలు పని మాత్రం చూడ్డానికి చిన్నది. ఒక గొట్టాన్ని కిందికి జారవిడవడం!

దాని పేరు డ్రాప్‌సోండ్. మూరెడు కూడా ఉండదు, అరకిలో బరువు కూడా తూగదు. నెత్తిన చిన్న పారాచూట్. కిందికి పడుతున్నంతసేపూ గాలి పీడనం, వేడి, తేమ కొలిచి సెకనుకు రెండేసిసార్లు విమానానికి రేడియోలో చెబుతుంటుంది. జీపీఎస్ సాయంతో తాను ఎటు, ఎంత వేగంగా కొట్టుకుపోతోందో లెక్కగట్టి గాలి వేగాన్నీ చెబుతుంది. పదివేల అడుగుల నుంచి నాలుగైదు నిమిషాల్లో సముద్రంలో పడి మునిగిపోతుంది. దాని బతుకంతా ఆ నాలుగైదు నిమిషాలే. విశాఖపట్నంలో వాతావరణ శాఖవాళ్ళు ఉదయం, సాయంత్రం బెలూనుకు ఇలాంటి పరికరమే కట్టి పైకి వదులుతారు. అది కింది నుంచి పైకి, ఇది పై నుంచి కిందికి. తేడా ఏమిటంటే బెలూను వదలడానికి కింద నేల కావాలి. నడిసముద్రంలో నేలెక్కడిది?

విమానం రెక్క కింద ఇంకో పరికరం ఉంటుంది. గాలికి సముద్రం మీద లేచే నురగ నుంచి వచ్చే మైక్రోవేవ్ కిరణాలను పట్టి, నీటిమట్టం దగ్గర గాలి ఎంతుందో అది చెబుతుంది. అలా ఒకటికి రెండు రకాలుగా సరిచూసుకున్నాకే అంకె బయటికి వస్తుంది.

లెక్క తప్పితే...

అంచనాకూ కొలతకూ తేడా ఎంత ప్రమాదమో ఈ విమానాల్లో వెళ్ళేవాళ్ళకే ఒకసారి అనుభవమైంది. 1989 సెప్టెంబరు 15. అట్లాంటిక్‌లో హ్యూగో. అప్పటిదాకా అందులోకి ఏ విమానమూ వెళ్ళలేదు. అందినది దూరం నుంచి కట్టిన అంచనా మాత్రమే. ఫరవాలేదులే అనుకుని నోవా శాస్త్రవేత్తలు ఓరియన్ విమానాన్ని 1,500 అడుగుల ఎత్తులోనే లోపలికి తీసుకెళ్ళారు. తీరా చూస్తే అది అన్నిటికంటే ప్రమాదకరమైన అయిదో శ్రేణి తుపాను! గోడలోకి వెళ్ళగానే నాలుగు ఇంజన్లలో ఒకదానికి మంటలంటుకున్నాయి. విమానం వెయ్యి అడుగుల లోపుకు జారిపోయింది. ఎలాగో కన్నులోకి వచ్చి పడ్డారు. కానీ బయటికి పోవాలంటే మళ్ళీ అదే గోడ. మూడు ఇంజన్లతో ఆ కన్నులోనే గుండ్రంగా తిరుగుతూ, బరువు తగ్గడానికి ఇంధనం పారబోస్తూ, కొంచెం కొంచెంగా పైకి ఎగబాకారు. వాయుసేన విమానం ఒకటి వచ్చి, గోడ మెత్తగా ఉన్న చోటు వెతికిపెడితే, గంట తర్వాత ఆ సందులోంచి బయటపడ్డారు.

అందరికీ అలాంటి అదృష్టం లేదు. 1955లో జానెట్ తుపానులోకి వెళ్ళిన అమెరికా నౌకాదళ విమానం తొమ్మిది మంది సిబ్బందితో, ఇద్దరు కెనడా పత్రికలవాళ్ళతో సహా మాయమైపోయింది. 1974లో పసిఫిక్‌లో బెస్ తుపానులోకి వెళ్ళిన విమానంలో ఆరుగురు. ఇలా పోయిన విమానాలు ఆరు, మనుషులు యాభై మందికి పైనే. 1974 తర్వాత మాత్రం ఒక్కటీ పోలేదు.

ఇంత పణంగా పెట్టి ఎందుకంటే... 2023 అక్టోబరు 24 చూడండి. మెక్సికో దగ్గర పసిఫిక్ సముద్రంలో ఓటిస్ అనే తుపాను. మామూలుదే అనుకున్నారు. ఆ మధ్యాహ్నం వెళ్ళిన ఒకే ఒక్క విమానం, బొమ్మలు చెబుతున్నదానికంటే అది ఎంతో బలంగా ఉందని కనిపెట్టింది. అర్ధరాత్రి దాటాక అది అయిదో శ్రేణి తుపానుగా అకపుల్కో నగరం మీద పడింది. కొద్ది గంటల ముందైనా తెలిసింది విమానం వల్లే. అదే గాలి, అలా ఒక్క పగట్లో బలిసిపోవడం... తిత్లీని చూసిన మనకు కొత్త కాదు.

మన సముద్రం మీదికీ వచ్చాయి

భారతదేశం చుట్టుపక్కల సముద్రాల్లో ఇలాంటి విమానాలు ఎప్పుడూ ఎగరలేదనుకుంటే పొరపాటు. 1960ల్లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్ర జరిగింది. ఆ సందర్భంగా బొంబాయి వచ్చిన అమెరికా పరిశోధన విమానాలు 1963 మే నెలలో అరేబియా సముద్రంలో పుట్టిన తుపానును లోపలికి వెళ్ళి కొలిచాయి. 1979లో రుతుపవనాల రహస్యం తేల్చడానికి 'మోనెక్స్' అనే పెద్ద కార్యక్రమం చేపట్టారు. నోవా పీ-3తో సహా మూడు అమెరికా విమానాలు వచ్చాయి. ఆ జులై మొదటివారంలో మన బంగాళాఖాతం ఉత్తరభాగంలో పుట్టిన వాయుగుండం మీద ఎగిరి, పరికరాలు జారవిడిచి కొలిచాయి. తుపాను కాదు, వాయుగుండమే. అయినా శాస్త్రవేత్తలు ఆ నాలుగైదు రోజుల సమాచారంతో ఏళ్ళ తరబడి పరిశోధన పత్రాలు రాశారు. ఆకలిగా ఉన్నవాడికి ఒక్క పూట విందు దొరికినట్టు!

మోనెక్స్ పరిశోధనల్లో ముఖ్యులైన టి.ఎన్.కృష్ణమూర్తి ఎమ్మెస్సీ చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. తర్వాత ఫ్లోరిడాలో స్థిరపడి, తుపాను ఏ దారిన పోతుందో కంప్యూటరుతో ముందే చెప్పే పద్ధతుల్లో ప్రపంచానికి గురువయ్యారు. అదే విశ్వవిద్యాలయంలో చదువుకున్న తాళ్ళప్రగడ విజయ్, అమెరికా ప్రభుత్వ వాతావరణ కేంద్రంలో హెచ్‌డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే తుపాను నమూనాను తీర్చిదిద్దిన బృందానికి నాయకత్వం వహించారు. విమానాలు తుపాను లోపల రాడార్‌తో పట్టిన సమాచారాన్ని ఎప్పటికప్పుడు మింగి, రేపు గాలి ఎంతుంటుందో చెప్పే నమూనా అది. దాన్ని మన వాతావరణ శాఖ కూడా తెచ్చుకుంది. నమూనా వచ్చింది సరే... దానికి తినిపించే విమానం మేత మాత్రం మన సముద్రంలో లేదు.

ఆలోచన లేక కాదు. 2008లో బంగాళాఖాతం తుపానుల మీద ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, ముందుముందు విమానాలతోనూ కొలవాలని అందులో రాసుకున్నారు. 2009లో పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవాళ్ళు విమానంలో మేఘాల్లోకి వెళ్ళి కొలిచే పని చేపట్టారు కూడా. హైదరాబాద్ నుంచీ ఎగిరారు. కానీ అది వర్షాల కోసం. తుపాను కంట్లోకి క్రమం తప్పకుండా విమానం పంపే ఏర్పాటు మాత్రం మనకు లేదు.

చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. బంగాళాఖాతం, అరేబియా కలిపి ఏడాదికి సగటున నాలుగైదు తుపానులు. వాటి కోసం విమానాలు, పరికరాలు, ఆరితేరిన సిబ్బందిని ఏడాది పొడవునా పోషించాలి. ఒకప్పుడు పసిఫిక్ పడమటి భాగంలో అమెరికావాళ్ళే పంపేవాళ్ళు. ఖర్చు భరించలేక 1987లో ఆపేశారు. పైగా విమానాలు లేకుండానే మన అంచనాలు ఎంతో మెరుగయ్యాయి. విశాఖ, మచిలీపట్నం, చెన్నైలలో డాప్లర్ రాడార్లు వచ్చాయి. సముద్రంలో తేలుతూ సమాచారం పంపే బోయాలు వచ్చాయి. శ్రీహరికోట నుంచి ఉపగ్రహాలు ఒకదాని వెంట ఒకటి వెళ్ళాయి.

అన్నీ నిజమే. కానీ తైవాన్ ఎంత దేశం? మన శ్రీకాకుళం నుంచి తిరుపతి దాకా కూడా రాని పొడవు. ఆ చిన్న ద్వీపం 2003 నుంచి జెట్ విమానం పంపి తుపానుల చుట్టూ పరికరాలు జారవిడుస్తోంది. 2017లో జపాన్ శాస్త్రవేత్తలు లాన్ అనే తుపాను కంట్లోకే వెళ్ళొచ్చారు. విమానాలు మన దగ్గర లేవా అంటే, బిలాక్సీవాళ్ళు వాడే సీ-130జె రకం విమానాలు మన వాయుసేనకు 2011 నుంచి ఉన్నాయి. కొన్ని పశ్చిమ బెంగాల్‌లోని పానాగఢ్‌లో, బంగాళాఖాతానికి కూతవేటు దూరంలోనే ఉంటాయి. తుపాను వెలిశాక సహాయక బృందాలనూ సామగ్రినీ మోసుకొచ్చే విమానాలు అవే! వెలిశాక వచ్చేదాన్ని వెలవకముందే ఒక్కసారి పంపి చూస్తే ఏం పోతుందని నాబోటివాడికి అనిపిస్తుంది. పరికరాలు అమర్చాలి, సిబ్బందికి నేర్పాలి, ఇరుగుపొరుగు దేశాల గగనతలం మీద ఒప్పందాలు కావాలి. సులువని కాదు. ఒక్క తుపాను మిగిల్చే నష్టం ముందు ఆ ఖర్చు ఎంతన్నదే లెక్క.

వంద కిలోమీటర్లంటే...

తుపాను ఎక్కడ దాటుతుందో 24 గంటల ముందు చెప్పే అంచనాలో పొరపాటు ఇప్పుడు సగటున వంద కిలోమీటర్ల లోపుకు దిగింది. గొప్ప సంగతే. అయితే కళింగపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా నేరుగా కొలిస్తే ఎంతో తెలుసా? సుమారు వంద కిలోమీటర్లు! మొత్తం ఉద్దానం ఆ వందలోనే ఉంది.

ఇంకో మెలిక ఉంది. తుపానుకు అన్ని వైపులా ఒకే బలం ఉండదు. అది నడిచే దిక్కుకు కుడిచేతి వైపు గాలి ఎక్కువ, ఉప్పెనా ఎక్కువ. మన తీరానికి వచ్చేటప్పుడు ఆ కుడిచేయి ఈశాన్యం వైపు ఉంటుంది. కళింగపట్నం దగ్గర దాటితే దెబ్బ పడేది వజ్రపుకొత్తూరు, సోంపేటల మీద. గోపాల్‌పూర్ దగ్గర దాటితే అదే ఉద్దానం ఎడమచేతి వైపు పడి కొంత తెరిపిన పడుతుంది. విజయనగరం జిల్లాకున్న తీరం 28 కిలోమీటర్లే. భోగాపురం, పూసపాటిరేగ జాలరి పల్లెలకు తుపాను భీమిలి దగ్గర దాటుతుందా, కళింగపట్నం దగ్గర దాటుతుందా అన్నది జీవన్మరణ సమస్య. కన్ను ఎక్కడుందో గంటగంటకూ కచ్చితంగా పట్టుకుంటేనే ఇది ముందుగా తేలేది.

తీరానికి దగ్గరకు వచ్చాక రాడార్ ఉంది కదా అంటారు. ఉంది. తుపానులను కనిపెట్టే రాడార్ దేశంలో మొట్టమొదట 1970లో పెట్టింది విశాఖలోనే. 2006లో కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా విశాఖ మీదికే వచ్చింది. తుపాను మీద పడేసరికి, దాన్ని చూస్తున్న ఆ రాడారే దెబ్బతిని ఆగిపోయింది! మధ్యాహ్నం కన్ను దాటేటప్పుడు కాసేపు గాలి ఆగితే, అయిపోయిందనుకున్నవాళ్ళు ఎందరో. ఆ తర్వాత రెండో గోడ వచ్చింది.

రేడియోలో మనం వినే ప్రమాద సూచికలు తెలుసు కదా... కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో మూడో నంబరు అనీ, పదో నంబరు అనీ. పదితో అయిపోయిందనుకుంటాం. పదకొండో నంబరు కూడా ఉంది. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని దాని అర్థం.

కొలత ఎంత కచ్చితమైనా, కబురు చేరాల్సినవాళ్ళకు చేరాలి. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. తిత్లీతో పోలిస్తే చిన్నదే. గాలి 75 నుంచి 85 కిలోమీటర్లు, విసురు 95. హెచ్చరికలు వచ్చాయి, తీరం వెంట జనాన్ని తరలించారు కూడా. ఆ సాయంత్రం ఒడిశా నుంచి పడవలో ఇళ్ళకు తిరిగొస్తున్న శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు కొందరు, ఒడ్డు ఇక వచ్చేసిందనగా అలల్లో చిక్కుకున్నారు. ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు.